ఎనిమిది గీతలు

ఆ తెల్ల తాత మళ్ళీ గీతలు గీశాడు.

అండర్‌పాస్ మొదట్లో మడతకుర్చీ వేసుకుని, మోకాలి మీద నోట్‌బుక్కు పెట్టుకుని, ఒక్కో పిల్లని చూడటం, ఒక్కో గీత గీయడం. అలివేలుమంగ కళ్ళారా చూసింది. ఏడుగురు పిల్లలకి ఏడు, తనకొకటి. మొత్తం ఎనిమిది.

"ఎయిట్ టుడే. లవ్లీ," అన్నాడు తాత నవ్వుతూ.

"లవ్లీ అంట. పిల్లల్ని లెక్కపెట్టిందే కాక," అని గొణుక్కుంటూ చిన్నవాడి తల మీద తన ఎర్ర శాలువా కప్పేసింది.

"నానమ్మా, హీ ఈజ్ జస్ట్ కౌంటింగ్," అంది మనవరాలు లాస్య.

"నేను చెప్పేదీ అదేనే. పిల్లల్ని లెక్కపెట్టకూడదు. దిష్టి."

ఇంగ్లండులోని ఈ మిల్టన్ కీన్స్ ఊళ్ళో అందరికీ కార్లు. అలివేలుమంగకి కాళ్ళు. మూడింటికి స్కూలు గేటు దగ్గర లాస్యనీ, అమ్మానాన్నల డ్యూటీ వేళలు కుదరని మరో నాలుగిళ్ళ పిల్లల్నీ కలుపుకుని, పెద్దరోడ్డు కింద నుంచి పోయే ఈ అండర్‌పాస్ దాటించి, ఎవరింట్లో వాళ్ళని దిగబెట్టేది. ఈ దేశంలో ఆవిడకంటూ ఉన్న పని అదొక్కటే. తలుపు తీసినవాళ్ళు "థాంక్స్ ఆంటీ" అంటే ఆవిడ నడుం ఇంత నిటారుగా అయ్యేది.

ఇప్పుడు దానికే ఎసరొచ్చింది. అండర్‌పాస్ గోడకి ఊరి కౌన్సిల్ వాళ్ళు కాగితం అంటించారు. పాతబడిపోయింది కనక ఉంచాలో మూసేయాలో నెలాఖరుకి తేలుస్తారట. పక్కింటి మధులిక చదివి చెప్పింది.

"మూసేస్తే లాస్యని ఆఫ్టర్ స్కూల్ క్లబ్‌లో వేస్తానత్తయ్యా. మీరు మాత్రం పైన రోడ్డు దాటొద్దు. డెబ్భై మైళ్ళ స్పీడులో వస్తాయి కార్లు," అంది కోడలు ప్రణీత.

అంటే అలివేలుమంగ ఇక ఇంట్లో కూర్చోవాలి.

ఆ దిగులు ఒక పక్క ఉండగానే, ఆవిడ బుర్రలో తాతే తిరుగుతున్నాడు. ఎవరీయన? కౌన్సిల్ మనిషైతే పసుపు కోటు ఉండాలి కదా. పనిలేని మనిషైతే, దారి పక్క కాలవలో ఇరుక్కున్న ఆకులు చేతికర్రతో ఎందుకు లాగుతాడు? పోయేముందు ఆ గోడని, సొంత గేదెని నిమిరినట్టు ఎందుకు నిమురుతాడు?

ఒక శుక్రవారం నేల చూపించి, "నో స్టెప్స్. సీ? నో స్టెప్స్," అన్నాడు.

ఆవిడ కిందికి చూసింది. నిజమే, ఈ దారికి మెట్లే లేవు. మోకాళ్ళ నొప్పుల మనిషికి అది మంచిదే. అంత మాత్రానికి ఈయనకింత మురిపెం దేనికి? తలూపి వచ్చేసింది.

ఆ సాయంత్రమే లాస్యకి జ్వరం.

"క్లాసులో సగం మందికి ఉందత్తయ్యా. జీపీ డాక్టరు వైరల్ అన్నారు."

"జీపీకి ఆ గీతల సంగతి తెలీదుగా," అంటూ ఉప్పు తిప్పి సింకులో పోసింది అలివేలుమంగ.

సోమవారం నుంచీ కొత్త పద్ధతి పెట్టింది. తాత సరిగ్గా నాలుగింటికి కుర్చీ మడిచి వెళ్ళిపోతాడు. అందాకా పిల్లల్ని స్కూలు పక్క పార్కులో ఆడించి, ఆ తర్వాతే దాటించేది.

"వై ఆర్ వి వెయిటింగ్ ఆంటీ?" అని ఆ పిల్లల్లో ఒకడు, శ్రీకర్, సణిగేవాడు.

"గాలి పీల్చుకోరా. ఊరికే వస్తోంది కదా."

దూరం నుంచి చూస్తే తాత మెడ సాచి స్కూలు వైపే చూస్తుండేవాడు. చూడు, ఇంకా మా వంకే, అనుకునేది.

అలా మూడు వారాలు గడిచాయి. నెలాఖరు రోజు నాలుగు దాటాక వెళ్తే, కుర్చీ ఇంకా అక్కడే ఉంది. తాత లేడు. ఎవరో నడివయసు తెల్లావిడ అదే నోట్‌బుక్కు పట్టుకుని కూర్చుంది. ఎర్ర శాలువా చూడగానే లేచి నిలబడింది.

"ఎయిట్," అంది మెల్లగా. గబగబా ఇంకేదో చెప్పి కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే ఆఫీసు నుంచి సైకిల్ మీద వస్తున్న మధులికని అలివేలుమంగ ఆపేసింది.

"ఏమంటోందో కాస్త అడుగమ్మా."

"ఆ తాతగారు వీళ్ళ నాన్నట ఆంటీ. ఆదివారం పోయారట."

"అయ్యో. ఇంతకీ ఆ గీతలేమిటో అడుగు."

మధులిక అడిగింది. విని చెప్పింది.

"మూడింటికీ నాలుగింటికీ మధ్య రోజూ అరవై మంది నడిస్తే మూయం అన్నారట కౌన్సిల్ వాళ్ళు. నేను లెక్క రాసిస్తానని ఈయన ఒప్పించారట. మొదటి వారం అరవై, అరవై ఒకటి వచ్చారు. ఆ తర్వాత యాభై రెండు దాటలేదట. ఈరోజే ఆఖరు."

అలివేలుమంగ యాభై రెండుకి ఎనిమిది కలిపి చూసుకుంది. చదువు రాకపోయినా ఆ కూడిక వచ్చింది.

"ఆ ఎర్ర శాలువా ఆవిడకి ఒంట్లో బాలేదేమో, పిల్లలు ఏమయ్యారో కనుక్కోమని ఆసుపత్రిలో కూడా అడిగారట."

"మేం రోజూ నడిచాం," అంది అలివేలుమంగ. "నాలుగు దాటాక నడిచాం. ఆపింది నేనేనని చెప్పు. కౌన్సిల్ వాళ్ళ ముందుకొచ్చి చెప్తానని చెప్పు."

మధులిక చెప్పింది విని ఆ తెల్లావిడ నోట్‌బుక్కు మొదటి పేజీ తిప్పి చూపించింది. అక్కడొక పాత కాగితం అంటించి ఉంది. పెన్సిల్ బొమ్మ. పైన కార్లు పోయే రోడ్డు, కింద మెట్లు లేని దారి, ఆ దారిలో పిల్లల్ని వెంటేసుకుని నడుస్తున్న ఒక ఆడమనిషి.

"ఎవరమ్మా ఈవిడ?"

"తాతగారి అమ్మట ఆంటీ. అమెరికాలో వాళ్ళ ఊళ్ళో నడిచే దారి లేక, కారు నడపడం రాక, ఇంట్లోనే కూర్చుని ముసలిదైపోయిందట," అంది మధులిక. "యాభై ఏళ్ళ కిందట ఈ ఊరు కట్టేటప్పుడు అక్కడి నుంచి వచ్చి, ఈ దారికి ప్లాను గీసింది ఆయనేనట."