చిటికెడు ఇంగువ

గోదా స్టవ్వుకు పంపు కొట్టడం మొదలుపెట్టిందో లేదో, వంటింటి తలుపు మీద దబదబా చప్పుడు.

"గోదమ్మా! చిటికెడు ఇంగువ ఉంటే ఇయ్యి బిడ్డా!"

అదే వాకిట్లో ఎదురు అర్రలో ఒంటరిగా ఉండే రమాబాయి గొంతు అది.

"మడిల ఉన్న. జర ఆగున్రి," అంది గోదా.

"ఆగితె నా పప్పు మాడిపోతది. గొళ్లెం తియ్యి!"

ఇంకా తెల్లవారనే లేదు. ఈ వేళప్పుడు పప్పేమిటో, పోపేమిటో! తియ్యకపోతే వాడకట్టంతా లేచేలా ఉంది. గోదా విసుక్కుంటూ గొళ్లెం తీసి, ఆకుముక్కలో ఇంగువ పెట్టి, చెయ్యి తగలకుండా పైనుంచి వదిలింది.

రమాబాయి ఇంగువ వంక చూడలేదు. స్టవ్వు వంకే చూసింది.

"కొత్తదా?"

"కొత్తదే."

"పట్టుచీర అంటుకుంటె ఆగది. కొంగు నడుముకు చెక్కుకో బిడ్డా," అని వెళ్లిపోయింది.

ఓర్వలేనితనం, అనుకుంది గోదా, మళ్లీ గొళ్లెం బిగిస్తూ.

ధనుర్మాసం నడుస్తోంది. ఆమె భర్త వేణుగోపాల్‌కు మాదన్నపేట గుడిలో అర్చకత్వం ఈమధ్యే దొరికింది. పొంగలి ఇంట్లో మడిగా వండి, తెల్లవారేలోగా స్వామి ముందు పెట్టాలి. మొదటి రోజే ఆలస్యమైంది. "ఇట్లయితె వేరేటాయన్ని చూసుకుంటం," అని గుడి పెద్దలు ముఖం మీదే అనేశారు. పచ్చికట్టెలతో వేగలేక అతను బేగంబజార్‌కు పోయి పంపు స్టవ్వు కొనుక్కొచ్చాడు.

స్వామికి కిరసనాయిలు వాసన పడుతుందో లేదోనని గోదా భయపడింది. స్వామి ఏమీ అనలేదు. అన్నదల్లా రమాబాయే.

మర్నాడు మళ్లీ ఇంగువ. ఆ తర్వాత అగ్గిపెట్టె. ఇంకోనాడు మిరియాలు. స్టవ్వు రొద మొదలైతే చాలు, తలుపు దగ్గర ప్రత్యక్షం. లేచి లేచి విసిగిపోయిన గోదా చివరికి గొళ్లెం పెట్టడమే మానేసింది.

"తలుపు తోసి అడుగున్రి. గడప మాత్రం దాటకున్రి."

రమాబాయి ముఖం విప్పారింది. "గట్లనే బిడ్డా, గట్లనే!"

అన్న మనిషి మాట మీద నిలబడిందా? ఒకరోజు, పొంగలి కుతకుత ఉడుకుతుండగా గడప దాటి వచ్చేసింది. మంటకు దగ్గరగా ఉన్న గోదా కొంగును పట్టి పక్కకు లాగింది. స్టవ్వు పక్కనున్న కిరసనాయిలు సీసాను చంకన పెట్టుకుంది.

"అయ్యో, నన్ను ముట్టుకున్నరు!"

"మండేదాని పక్కకు గాసునూనె పెడ్తరా? అయిపోతె ఆర్పి, సల్లారినంకనే పొయ్యాలె. అందాంక ఇది బయటనే ఉంటది."

గోదాకు ఏడుపు ముంచుకొచ్చింది. మళ్లీ తలస్నానం, మళ్లీ వంట. ఆ పొంగలి గుడికి చేరేసరికి ఎండెక్కింది. వేణుగోపాల్ పెద్దల ముందు తల దించుకుని నిలబడ్డాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే కొలువు ఊడినట్టేనని చెప్పి పంపారు.

అది విన్న గోదా నేరుగా ఎదురు అర్ర ముందుకు వెళ్లింది.

"మడి తెల్వదు, మైల తెల్వదు. మీ లొల్లికి మా సంసారమే దొరికిందా? ఇగ మా దిక్కు రాకున్రి!"

రమాబాయి తన గడప దగ్గరికి వచ్చింది.

"రాను బిడ్డా. గొళ్లెం మాత్రం పెట్టుకోకు," అంది.

మర్నాటికి ఆ అర్రకు తాళం పడింది. పీడ విరగడైందనుకుంది గోదా. నూనె సీసా మళ్లీ స్టవ్వు పక్కకు చేరింది. మడిలో ఉన్న మనిషి మాటిమాటికీ బయటికి పోయి సీసా తెచ్చుకోగలదా మరి? గొళ్లెం సంగతి మాత్రం మరిచిపోయింది. అలవాటు తప్పింది కదా, చెయ్యి అటు పోలేదు.

ధనుర్మాసం ముగియవచ్చిన రోజుల్లో, ఒక తెల్లవారుజామున, పొంగలి సగం ఉడికిందో లేదో మంట నీరసించింది. గుడి గంట మోగే వేళయింది. ఆర్పి, చల్లారేదాకా కూర్చుంటే మొగుడి కొలువు గోవిందా. గోదా మూత తిప్పి, వేడి స్టవ్వులోకే సీసా వంచింది.

భగ్గుమంది.

చీర అంచు అంటుకుంది. పొగలో తలుపు ఎటుందో కూడా తెలియలేదు. ఉన్నచోటనే నిలబడి కేక వేసింది.

బావి దగ్గర స్నానం చేస్తున్న వేణుగోపాల్ అక్కడ నానేసిన దుప్పటి లాక్కుని, ఒక్క తోపుతో తలుపు తెరిచి, ఆమెను చుట్టి బయటికి లాగాడు. ఇరుగుపొరుగు ఇసుక పోసి మంటలార్పారు. ఆ రోజు స్వామి బెల్లంముక్కతో సరిపెట్టుకున్నాడు. పెద్దలెవరూ నోరెత్తలేదు.

చేతులకు కట్లతో దవాఖాన నుంచి వచ్చిన గోదాను చూడటానికి ఇంటి యజమాని జగన్నాథం వచ్చాడు.

"బాపూ, రమాబాయమ్మ ఏడున్నది? ఆమె కాళ్లు మొక్కాలె. గొళ్లెం పెట్టి ఉంటె నేను ఇయ్యాల బతికి ఉండకపోతుంటి."

"యాడికి పోయిందో ఎవ్వరికి తెల్వదు బిడ్డా. చెప్పకుండ పోయింది."

"మడి తెల్వని మనిషని నోటికొచ్చినట్టు తిట్టిన," గోదాకు దుఃఖం ఆగలేదు.

"ఆమెకు మడి తెల్వదా?" అన్నాడు జగన్నాథం. "మీకంటె ముందు ఈ ఇంట్ల ఉన్నది వాళ్లే. ఆమెంత మడి కట్టిన మనిషి ఈ వాడకట్టుల లేదు. ఆమె కోడలు ఈ వంటింట్లనే, గిట్లనే స్టవ్వు అంటుకొని కాలిపోయింది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఏ నోటితోని చెప్తది బిడ్డా? ఎవరు తలుపు కొట్టినా వంట అయ్యేదాంక గొళ్లెం తియ్యొద్దని ఆ పిల్లకు నేర్పింది ఆమెనే."