పిన్ని చెప్పిన గడియారం

పిన్ని వచ్చినప్పటి నుంచి సాత్వికకు అమ్మ పక్కన చోటు లేదు.

అమ్మ గదిలో ఇప్పుడు పిన్ని పడుకుంటోంది. కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టారు. పొద్దుగూకగానే టీవీ బంద్, ఫోన్లు బంద్. రెంటచింతల ఎండ ముదరకముందే అక్కాచెల్లెళ్లిద్దరూ చేతులు పట్టుకుని మేడ మీద నడుస్తారు. సాత్విక పుస్తకం ముందేసుకుని కింద నుంచి చూస్తుంటుంది.

“పిన్నికి రొమ్ము క్యాన్సర్. చానా జాగ్రత్తగా ఉండాల. నువ్వు మాత్రం నీ పదో తరగతి పరీక్షల సంగతి చూసుకో,” అన్నాడు నాన్న.

జాలి పడాలని సాత్వికకు తెలుసు. ఎంత ప్రయత్నించినా జాలి రాలేదు.

తేజస్వి పిన్ని హైదరాబాదులో ల్యాబులో పనిచేస్తుంది. ఆ జబ్బు మీదే పరిశోధన. సాయంత్రాలు అమ్మకు పాఠం చెబుతుంది.

“ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక గడియారం ఉంటదక్కా. దాన్ని నడిపే జన్యువులు లయ తప్పితే క్యాన్సర్ కణాలకు అదుపు ఉండదు. కాపలా కాసే కణాల కన్నుగప్పి పెరుగుతయ్.”

“అంటే, కాపలావాడు ఎప్పుడు కునుకు తీస్తాడో దొంగకి తెలిసిపోయిందన్న మాట.”

“అట్టాగే అనుకో. అందుకే ఏళకి నిద్ర. అది మందు కాదు. మందుకి సాయం చేస్తదేమోనని ఆశ.”

సాత్విక సైన్సు పాఠం అప్పజెబితే అమ్మ ఏనాడూ ఇలా మాట కలపలేదు.

మొక్కు అని చెప్పి ఇద్దరూ కోటప్పకొండ వెళ్లి గుండు చేయించుకొచ్చారు. అమ్మది నడుము దాటిన జడ. రోజూ సాత్విక దువ్వే జడ. అదీ పిన్ని కోసమే పోయింది.

గుంటూరు ఆసుపత్రికి వెళ్లొచ్చిన రోజు అమ్మ కంచం ముట్టదు. చెల్లెలి మీద అంత దిగులు. ఆ చెల్లెలేమో గోంగూర పచ్చడితో మారు వడ్డించుకుంటుంది.

“జబ్బు మనిషివైనా బాగానే తింటున్నావే పిన్నీ,” అంది సాత్విక, ఉండబట్టలేక.

పిన్ని నవ్వింది. “మీ అమ్మ వాటా కూడా నేనే లాగిస్తన్నానే.”

నా వాటా కూడా, అనుకుంది సాత్విక.

ఆఖరి పరీక్ష రోజు స్కూలు గేటు దగ్గర ఉంటానని అమ్మ మాటిచ్చింది. బయటికొచ్చేసరికి నాన్న ఒక్కడే నిలబడి ఉన్నాడు.

“అమ్మేది?”

“గుంటూరులో. ఇయ్యాల మందెక్కించే రోజు. నీ పరీక్షలు అయిపోయినయ్ గదా, పద, నువ్వూ చూద్దువుగాని.”

బస్సులో దారి పొడుగునా సాత్విక ఒకే మాట కూడబలుక్కుంది. ‘నేనూ జబ్బు పడితే ఇట్టా నా పక్కన కూర్చుంటావా అమ్మా?’

వార్డు తలుపు తోసింది.

స్టూలు మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నది పిన్ని, మంచం మీద సెలైన్ సూదితో పడుకుని ఉన్నది అమ్మ.