చెల్లెలి చేతి ముద్ద

దీపావళి వెళ్లిన రెండో నాడు చెల్లెలి చేతి భోజనం కోసం అన్నలు ప్రయాణాలు కట్టడం మానేసి చాలా ఏళ్లయింది. ఆమె చేతి రుచి నేర్చుకున్న వంటపెట్టె ఒకటి అన్న ఇంటికే వచ్చి వండిపెడుతుంది. మర్నాటికల్లా అక్కర్లేని పెట్టెలతో కాకినాడ వాపసు కౌంటరు ముందు జనం బారులు తీరతారు.

ప్రతి పెట్టెతోనూ ఒక ముద్దకు సరిపడా వండించి, రుచి చూశాకే వెనక్కి తీసుకోవాలని రూలు. కౌంటర్లో కూర్చునే సుభాషిణికి మధ్యాహ్నానికే నాలుక మొద్దుబారిపోయింది. అయినా అప్పుడే ఒకాయన తెచ్చిన పెట్టె వండిన ముద్ద నోట్లో పెట్టుకోగానే ఉలిక్కిపడింది. వంకాయ పులుసులో బెల్లం ఒక పాలు ఎక్కువ, దించేముందు చల్లిన నువ్వుల పొడి. ఆ చెయ్యి తనదే. పండక్కి సూర్యం అన్నయ్యకి తను పంపిన పెట్టె ఇది.

"ఇది మీకెక్కడిదండీ?" అంది.

"మా ఆఫీసులో సూర్యంగారు ఇచ్చేశారండి," అన్నాడు పెట్టె తెచ్చినాయన. "ఆయనకి అక్కచెల్లెళ్లెవరూ లేరంట. ఎవరో పొరపాటున పంపేరంట. నాకేమో మా చెల్లి పంపిందే ఉందండి."

సుభాషిణి వాపసు చీటీ మీద ముద్ర కొట్టి ఆయన చేతికిచ్చింది. బల్లమీది పెట్టె మాత్రం అచ్చం ఆమె గొంతుతోనే అడిగింది.

"అన్నయ్యా, ఇంకో ముద్ద పెట్టనా?"