కళ్లు మూసుకునే పావురం

చర్చి గంట గోపురంలో గూడు కట్టుకున్న పావురం మార్తమ్మది ఒకటే పట్టు: పిడుగు పడ్డా సరే, ప్రార్థనలో కళ్లు తెరవకూడదు. పక్కనున్న గుడి గోపురం మీది గోరింక మంగతాయికి అది చూస్తే ఒళ్లు మంట.

"దేవుణ్ణి కళ్లారా చూసుకోవాలి గానీ, ఈ కునికిపాట్లేమిటే?" అనేది.

"దిక్కులు చూసేవాళ్లకి భక్తేం తెలుసు?" అని మార్తమ్మ మొహం తిప్పుకునేది.

ఓ సాయంత్రం మార్తమ్మ గంట పక్కన ప్రార్థనలో ఉండగా మంగతాయి గొంతు చించుకుంది. "పామే! నీ గుడ్ల మీదికొస్తోంది! కళ్లు తెరువు!"

'నా ప్రార్థన చెడగొట్టడానికే ఈ ఎత్తు' అనుకుని మార్తమ్మ రెప్పలు ఇంకా బిగించింది. అరుపు ఆగలేదు, గూటి దగ్గరికే వచ్చేసింది. తన సొంత గుడ్లే పోతున్నట్టు మంగతాయి గొంతు వణుకుతోంది.

మార్తమ్మ కళ్లు తెరిచింది. పాము పడగ మీద మంగతాయి ఒంటరిగా పొడుస్తోంది. మార్తమ్మ కూడా రెక్కలతో విరుచుకుపడేసరికి పాము గోడ దిగి పారిపోయింది.

గుడ్లు దక్కాయి. ఇద్దరూ రొప్పుతూ కూలబడ్డారు.

"ఇంతకీ, కళ్లు మూసుకుంటే నీకేం కనిపిస్తుందే?" అంది మంగతాయి.

మార్తమ్మ కాస్త జరిగి చోటిచ్చింది.

"మూసుకుని చూడు. నేను కాపలా ఉంటాను."