డబ్బా మీద రెండు దెబ్బలు

పోయినేడు పేనుబంక పట్టి ముడుచుకుపోయిన నిమ్మతోట ఈ ఏడు విరగబూసింది. పగలు పూత మీద తేనెటీగలు వాలతాయని బావా బావమరుదులిద్దరూ రాత్రిపూటే మందు కొడుతున్నారు, చెరో కొస నుంచి. ఒక వరుస కాగానే వీపు మీది డబ్బాను రెండుసార్లు తట్టాలి. వెనకబడ్డవాడు డబ్బాలు రెండూ కడగాలి. అదీ పందెం.

బావమరిది ఈల వేసుకుంటూ కొడుతున్నాడు. తను తట్టీ తట్టకముందే అవతల నుంచి టకటకమని జవాబు వస్తోంది. వరుస వరుసకీ ఆ చప్పుడుకి హుషారు ఎక్కువవుతోంది.

"ఈ బావకి ఇవాళ రెక్కలొచ్చాయే," అని నవ్వుకున్నాడు.

చివరికి నెత్తిమీది లైటు వెలుగులో చూస్తే అవతలి సగం తోటంతా తడిసి మెరుస్తోంది. ఓటమి ఒప్పుకోవడానికి నవ్వుతూనే షెడ్డుకు వెళ్లాడు.

బావ గోనెసంచుల మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పక్కనే నిండు డబ్బా.

"మొదటి చెట్టు దగ్గరే నాజిల్ పూడుకుపోయింది," అన్నాడు ఆవులిస్తూ. "నువ్వు మాత్రం రెండువైపులా భలే వాయించావులే."

అలవాటు కొద్దీ బావమరిది చెయ్యి వీపు మీది డబ్బాను తట్టింది.

టకటకమని జవాబు వచ్చింది. షెడ్డు గుమ్మం దగ్గర నుంచే, ఎంతో సంబరంగా.