మనిషిని మింగిన కారు

మనిషిని మింగిన బండి రెండో మనిషిని అడగక మానదని ఒక నమ్మకం ఉంది. చిక్కడపల్లిలో ఆ నమ్మకానికి ఇటీవలి రుజువు రామచంద్రం కారు.

అది ఆరు సిలిండర్ల పాత విదేశీ కారు. తాళం తిప్పినా స్టార్ట్ అవుతుంది, కాస్త సతాయించి. కానీ ఆదివారం పొద్దున వీధంతా చూస్తుండగా ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేయడం రామచంద్రానికి దర్జా. ఒక ఆదివారం ఆ హ్యాండిల్ వెనక్కి తన్నింది. మణికట్టు విరిచింది. దవడ పగలగొట్టి, కణత చీల్చింది. అంబులెన్సు నారాయణగూడ చౌరస్తా దాటకముందే ప్రాణం పోయింది.

బంపరు మీది నెత్తురు కడిగింది భార్య దమయంతే. అశోక్ నగర్ కోచింగ్ సెంటరులో సైన్సు పాఠాలు చెప్పే మనిషి ఆమె. దయ్యాన్నీ దిష్టినీ ఒకే గాటన కట్టి కొట్టిపారేస్తుంది. కర్మ ముగిసిన మర్నాడే కారులో నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ సామాను మొత్తం మార్చడానికి పూనుకుంది. పాయింట్లూ కండెన్సరూ తీసేసి ఎలక్ట్రానిక్ సామాను బిగిస్తే తాళం తిప్పగానే ఇంజను అందుకుంటుంది; హ్యాండిల్ పట్టుకునే పని ఇక ఎవరికీ ఉండదు.

"అమ్మా, జర నా మాట ఇను. గుమ్మడికాయ కొట్టి ఆ బండి అమ్మెయ్యి," అన్నాడు నారాయణగూడ మెకానిక్ పీరయ్య, కొత్త సామాను అట్టపెట్టెలోంచి తీసి ఇస్తూ.

"గుమ్మడికాయతోని స్పార్క్ వస్తే నీ దుకాణానికెందుకొస్త పీరయ్యా? కూరగాయల మార్కెట్‌కు పోత గద."

"నవ్వకమ్మా. నెత్తురు రుచి మరిగింది అది."

"పిస్టన్ పైకి రాకముందే స్పార్క్ పడ్డది. హ్యాండిల్ ఎన్కకు తన్నింది. గంతే."

అడ్డం వచ్చినవాడు మరిది కిషన్ రావు. గేటు దగ్గర నిలబడి ముందే హెచ్చరించాడు.

"శుక్రవారం ఒక మనిషిని తోలుకొస్తున్న వదినా. అందాక బండి ఎట్లున్నదో గట్లనే ఉండాలె. ఒక్క బోల్టు మారినా పని ఖరాబైతది."

పాత కార్లు కొనేవాళ్లకు అసలు సామాను చెక్కుచెదరకుండా ఉండాలి. బేరం పెద్దదే అయివుంటుందని ఎదురింటివాళ్లు అనుకున్నారు.

గురువారం మధ్యాహ్నం దమయంతి బానెట్ ఎత్తింది. ఏ సిలిండరులో ఎప్పుడు నిప్పురవ్వ పడాలో నిర్ణయించేది డిస్ట్రిబ్యూటరు. దాన్ని కొద్దిగా తిప్పితే చాలు, రవ్వ ముందుగానో ఆలస్యంగానో పడుతుంది. పాతది అప్పటికే ఊడదీసింది. కొత్తదాన్ని అమర్చి, గుర్తులు కలిపి, రవ్వ పడే వరసలో వైర్లు తొడుగుతోంది. ఒకటి, ఐదు, మూడు, ఆరు.

గేటు ధడాలుమంది.

"ముట్టద్దన్ననా లేదా?"

"నా బండి. నా ఇష్టం, కిషన్."

దెబ్బ కుడి చెంప మీద పడింది. అన్న రామచంద్రానిదీ ఎడమచేతి వాటమే; ముప్పై ఏళ్లుగా ఆ చెంపకు తెలిసిన దెబ్బే. ఆమె తూలింది, పడలేదు.

"పాతది ఏడబెట్టినవ్?"

ఆమె ఇంజను వైపు తిరిగింది. అతను జుట్టు పట్టుకుని ఆమె నుదురును మడ్‌గార్డుకు కొట్టాడు. రేకు మీద నెత్తురు పడింది.

"మొగుణ్ణి మింగినదానివి. అది చాల్లేదా నీకు? చెప్పు, ఏడబెట్టినవ్?"

ఆమె మళ్లీ ఇంజను మీదికే వంగింది. కిషన్ రావు బానెట్ ఊతకడ్డీని ఒక్క తన్ను తన్నాడు. బానెట్ కూలింది. ఆమె ఎడమచేతి వేళ్లు లోపలే ఉండిపోయాయి. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినబడింది.

దమయంతి కుడిచేతిలోని స్పానరును బలంకొద్దీ అతని మోకాటి చిప్ప మీద వేసింది. అతను నేలమీద పొర్లాడు. గుక్క తిప్పుకుని లేచి, కుంటుతూ షెడ్డంతా వెతికాడు. డబ్బాలు బోర్లించాడు, గోనెలు చింపాడు. ఏమీ దొరకలేదు.

"రేపు రానీ. నీ సంగతి చెప్త."

అతను వెళ్లాక ఆమె బానెట్ ఎత్తి, వేళ్లకు గుడ్డ చుట్టుకుంది. మిగిలినవి రెండు వైర్లు. రెండు, నాలుగు. ఆఖరి బోల్టు ఒంటిచేత్తో బిగించింది.

శుక్రవారం కిషన్ రావు వెంట బ్యాగు తగిలించుకున్న ఒక పెద్దమనిషి వచ్చాడు. బానెట్ కింద టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"అంతా కొత్తదే. పాతది ఏదమ్మా?"

"ముషీరాబాద్‌ల తుక్కుకు ఇచ్చిన సార్. ఈపాటికి కరిగించి ఉంటరు."

కిషన్ రావు ఆమె గొంతు మీదికి దూకాడు. ఇద్దరు పొరుగువాళ్లు వచ్చి లాగితే తప్ప ఆ చేతులు వదల్లేదు. లాగినవాళ్లలో ఒకడికి పెదవి చిట్లింది. కిషన్ రావు గోడకు ఆనుకుని నేలమీదికి జారి, మోకాళ్ల మధ్య తల దాచుకుని ఏడ్చాడు.

దమయంతి మెడ సవరించుకుని కారులో కూర్చుంది. ఎదురింటి బాల్కనీలోని ఆడవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. ఆమె తాళం తిప్పింది. మొదటి తిప్పుకే ఆరు సిలిండర్లూ ఒక్కసారిగా అందుకున్నాయి. కారు రెండో మనిషిని అడగలేదు.

స్పార్క్‌ను ఎవరైనా కావాలని ముందుకు జరిపారేమో తేల్చడానికి వచ్చిన ఆ ఫోరెన్సిక్ నిపుణుడు, భర్త చనిపోవడానికి ముందు సాయంత్రం దమయంతి తిప్పి బిగించిన పాత డిస్ట్రిబ్యూటరును చూడకుండానే బ్యాగు మూసుకుని వెళ్లిపోయాడు.