టియోంగె వాళ్ళమ్మ

"టియోంగె వాళ్ళమ్మా, ఒకసారిట్రా" అని హెడ్మాస్టరు పిలిచాడు. నా బిడ్డ పోయి ఏడు నెలలు. అప్పట్నుంచి నన్నెవరూ అలా పిలవలేదు.

అమెరికాలో ఒక ఊరూ, మలావీలో మా జిల్లా అక్కచెల్లెళ్ళలా ఉండాలని ఒప్పందమట. అక్కడావిడ ఒకరు నా టియోంగెకి ఉత్తరాలు రాసేది. పిల్ల జ్వరంతో పోయిందని బడివాళ్ళు చెప్పలేదు. పక్కింటి పిల్ల మదాలో చేత టియోంగె పేరుతో జవాబులు రాయించారు. ఇవాళ ఆవిడే బడికొచ్చి కూర్చుంది.

"ఆవిడతో మదాలోనే టియోంగె అన్నాం. నువ్వొక్క పూట తల్లిగా నిలబడు. నిజం తెలిస్తే ఆవిడ గుండె పగిలిపోతుంది."

"మరి నాది రాయా, సారూ?" అన్నాను. అన్నానే గానీ వెళ్ళాను.

మదాలో భుజం మీద చెయ్యేశాను. వెచ్చగా ఉంది. తియ్యబుద్ధి కాలేదు.

ఇంతలో మదాలో తల్లి పార భుజాన వేసుకుని చేలోంచి వచ్చింది. ఆమెకి ఇదేం తెలీదు. "ఒసే మదాలో! నీళ్ళకి పొమ్మంటే ఇక్కడ షోకులా? నడు ఇంటికి!" అని గేటు దగ్గర్నుంచే కేకేసింది.

పిల్ల కదలబోయింది. నేను గట్టిగా పట్టుకున్నాను.

"ఆ కేకేసినామె ఎవరని ఆవిడ అడుగుతోంది" అన్నాడు హెడ్మాస్టరు, నా మొహం చూస్తూ.

"బిడ్డ చచ్చిపోయింది, పాపం" అన్నాను మెల్లగా. "అప్పట్నుంచి కనబడ్డ పిల్లనల్లా తన పిల్లే అనుకుంటుందని చెప్పండి."

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. ఇంగ్లీషులో అలాగే చెప్పాడు.

అమెరికా ఆవిడ ఏడుస్తూ గేటు దాకా పోయి మదాలో తల్లిని కావలించుకుంది. ఎందుకో తెలీక ఆమె సిగ్గుపడుతూ నవ్వింది.

నా చేతికింద మదాలో వణుకుతోంది. నేను చెయ్యి తియ్యలేదు.